వేడినీళ్ళు వచ్చేలోపు

షవరు తిప్పాక వేడినీళ్ళు వచ్చేలోపు
ఊరికే పోయే చన్నీళ్ళు ఆరు లీటర్లు.
కొలిచిన మనిషి ఎల్ఫ్రీడ నోస్కె.
ఎనభై మూడేళ్ళు.
మర్రే బ్రిడ్జిలో మా లూథరన్ గుడికి
ముప్పై ఏళ్ళుగా బల్లగుడ్డలు ఉతుకుతున్న చేతులు.

ఆరాధన అయ్యాక వంటగదిలో
ఇద్దరం కప్పులు కడుగుతుంటే
ఒక బకెట్ తెచ్చి నా ముందు పెట్టింది.
నీలం ప్లాస్టిక్. కాడ విరిగితే
కంచె తీగ చుట్టి బిగించింది.
"శ్రమకాలం నలభై రోజులూ పట్టి చూడు, కెజియా"
అంది, ఒక పూట ఉపవాసం ఉండమన్నంత మామూలుగా.

నాకు ఒళ్ళు మండింది.

బకెట్ నాకు కొత్తా?
ఒంగోలు అవతల మా పేటకి
ట్యాంకరు రెండ్రోజులకోసారి వచ్చేది.
నా బిందె ముందు అమ్మ బిందె,
అమ్మ బిందె ముందు పెద్దమ్మ కూతురిది,
జరిగితే గొడవ, జారితే ఏడుపు.
ఊళ్ళో మంచినీళ్ళ బావి ఉండేది.
అది మాది కాదని ఎవరూ చెప్పక్కర్లేదు,
నడక రాకముందే తెలిసేది.
నర్సింగు చదివింది, రాత్రి డ్యూటీలు చేసింది,
సముద్రం దాటి వచ్చింది
తిప్పితే ఆగకుండా పడే కుళాయి కిందికే కదా!
లేమికి భక్తి అని పేరు పెడితే
నేను ఆమెన్ అనను.

అదే అనేశాను,
సగం ఇంగ్లీషులో, సగం కోపంలో.

ఆమె కప్పు తుడవడం ఆపలేదు.
"నువ్వు మోసింది అవసరం.
నేను మోస్తున్నది బాకీ.
బరువొకటే కావచ్చు, రెండూ ఒకటి కాదు"
అని తడిచేత్తో కిటికీలోంచి నది వైపు చూపించింది.
"మా తాతలు బైబిలు పట్టుకుని వచ్చారు,
వాళ్ళ కొడుకులు పంపులు పెట్టారు.
నది ఒడ్డున అప్పటికే ఉన్న నారిన్జెరి వాళ్ళని
ఒక్క మాట అడగలేదు.
ఇప్పుడు చూడు,
ఈ నది సముద్రం దాకా నడవాలంటే
దాని నోట్లో ఇసుక మనం తోడాలి."

బకెట్ కారు డిక్కీలో వారం రోజులుంది.
మలుపు తిరిగినప్పుడల్లా దొర్లి
వెనకనుంచి ఏదో అడుగుతున్నట్టు చప్పుడు.

ఒక పొద్దున డ్యూటీ దిగి వచ్చి ఫ్రిజ్ తెరిస్తే
కొత్తిమీర కట్ట నల్లటి జిగురైపోయి ఉంది.
దాని వెనక పోయినవారం అన్నం,
దాని వెనక ఏమిటో నాకే తెలీదు.
ఎడారిలో రాలిన ఆహారాన్ని
రేపటికని దాచిన వాళ్ళ గుడారాల వాసన
ఇలాగే ఉండుంటుంది.
గరాజులో మూడు పెట్టెలు, విప్పనైనా లేదు.
ఒక దాంట్లో ఏముందో గుర్తు రాలేదు.
వాయిదా మాత్రం ప్రతి నెలా గుర్తుంది.

ఆ రోజే బకెట్ లోపలికి తెచ్చాను.
అడుగున మొదటి ధార పడగానే
ఆ చప్పుడు!
ట్యాంకరు గొట్టం, అమ్మ కేక, మట్టివాసన
అన్నీ ఆ చిన్న స్నానాలగదిలో ఇరుక్కున్నాయి.
కాసేపు అలాగే నిలబడ్డాను,
వేడినీళ్ళు వచ్చేసినా.

ఆరు కాదు, మా ఇంట్లో ఏడున్నర లీటర్లు.
ఎల్ఫ్రీడకి చెబితే చిన్నపిల్లలా నవ్వింది.
"నీ గొట్టం పొడుగు" అంది.
పెయింటు డబ్బాలో గోంగూర పెట్టాను.
మా నీళ్ళ పుణ్యమో, ఇక్కడి ఎండ పుణ్యమో
మోకాలెత్తు లేచింది.
ఆమెకి పచ్చడి ఇస్తే పులుపుకి కళ్ళు మూసుకుని
రెండోసారి పెట్టించుకుంది.

ఈస్టరు వెళ్ళిపోయింది.
బకెట్ నేనివ్వలేదు, ఆమె అడగలేదు.

నేను మారిపోయానని చెప్పుకోను.
విప్పని పెట్టెల్లో ఒకటి ఇంకా అలాగే ఉంది.
ఒక్కోరోజు నిద్రమత్తులో మర్చిపోతాను.
చల్లటి నీళ్ళు పాదాల మీంచి జాలీలోకి పోతుంటే
ఎక్కడో మా పేటలో
ఎవరిదో బిందె జారినట్టవుతుంది.
గభాల్న వంగి
దోసిలి పడతాను.