మూరెడు బాట

తాడ్వాయి దాటినంక తారు ఒడిసింది.
ఇగ మూరెడు బాట.
ఎండిన టేకాకుల మీద టైరు
అప్పడాలు నమిలినట్టు పోతంది.

వేరొస్తే ముందు చక్రం లేపాలె.
రాయొస్తే రాయిని చూడొద్దు,
చూసిన దిక్కే పోతది బండి.
హన్మకొండల పంక్చర్లేసే యాకూబ్
పైసలు తీసుకోకుండ చెప్పిన ముక్క.

దిగుడు.
గుండె గొంతులకొచ్చింది,
పళ్లు ఒకదాన్నొకటి కొట్టుకున్నయి.
వాగు మలుపుల
ఇప్పపూల గంప నెత్తినెత్తుకొని
ఒక ముసలమ్మ.

బ్రేకు కీచుమంది.
ఆమె జరగలే.
"బరువున్నోళ్లకు బాటియ్యాలె, బిడ్డా."

పద్నాలుగు కిలోల సైకిలు భుజానేసుకొని
పరికి పొదల్లకు జరిగిన.
"అగో, నీకూ బరువైంది గదా"
అని నవ్వుకుంట పోయింది పూనెం ముత్తమ్మ.
పేరు తర్వాత తెలిసింది,
వాగుకాడ గొడ్లు కాసే పిలగాడు చెప్పిండు.

మళ్లొచ్చేటప్పుడు చూస్తే
నా టైరు గీతల మీద ఆమె మడిమ.
మడిమ మీద కొండగొర్రె గిట్ట,
ఇంకా తడి ఆరలే.

వెనక టైరుల పరికి ముల్లు
ఇరిగి లోపల్నే ఉన్నది.
తియ్యలే.
తీస్తే గాలి పోతది.