జాబ్

గాల్వే రేవు పక్కన, పడవల షెడ్డు మీది గదిలో
గురువారం గురువారం పదకొండింటికి
తొమ్మిదిమందిమి వరసగా నిలబడతాం.
అందరి వయసూ కలిపితే ఆరువందల పైచిలుకు.
అందరిదీ ఒకటే వణుకు.

నేర్పే పిల్ల పేరు డెర్వ్లా. ఇరవైనాలుగేళ్ళు.
ముక్కు రెండుసార్లు విరిగి
రెండుసార్లూ ఎడమవైపుకే అతుక్కుంది.
మమ్మల్ని చూసి జాలిపడదు. అందుకే వస్తాం.

"ఎడమ కాలు ముందుకి. గడ్డం కిందికి.
పిడికిళ్ళు చెంపల దగ్గర,
రెండు చెవులకీ రెండు ఫోన్లు పెట్టుకున్నట్టు."
నా కుడిచెయ్యి అప్పటికే
ఎవరూ చెయ్యని ఫోనుకి తనే మోగుతోంది.

గుడ్డపట్టీ ఇంటి దగ్గరే చుట్టుకుని వస్తాను.
ఇమెల్డా చుడుతుంది, రొట్టెపొడి రాలిన బల్ల ముందు,
మణికట్టుకి మూడు చుట్లు,
వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్కటి.
పెళ్ళయిన నలభైమూడేళ్ళలో
ఇంతసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది లేదు.
ఆ మాట ఇద్దరం అనం.
వాన గురించి మాట్లాడుకుంటాం.

మొదటి దెబ్బ పేరు జాబ్.
"సూటిగా పోవాలి. తగలగానే తిరిగి రావాలి,
వెళ్ళిన దారినే, వెళ్ళినదానికన్నా వేగంగా."
నాకు నవ్వొచ్చింది.
ముప్పైఎనిమిదేళ్ళు జాబులు పంచినవాణ్ణి.
తలుపుకున్న ఇత్తడి సందులోకి కవరు తోసి
అవతల కాచుకున్న పళ్ళు మూసుకునేలోగా
వేళ్ళు వెనక్కి తెచ్చుకున్నవాణ్ణి.
మిసెస్ గిల్లిగన్ టెర్రియర్, దాని పేరు బిషప్,
చచ్చి ఇరవయ్యేళ్ళయినా
ఈ నల్లటి తోలుసంచిలో
నాకోసం ఇంకా మాటువేసే ఉంది.
ఒకటి.
గొలుసు కిర్రుమంది.
"ఎక్కడ నేర్చుకున్నారు?" అంది డెర్వ్లా.
"చేపల సంత వీధి, పదిహేడో నంబరు గుమ్మంలో."

రెండోది అంత తేలిగ్గా లొంగలేదు.
క్రాస్. కుడిచేత్తో.
దెబ్బ చేతిలో ఉండదంటుంది, మడమలో ఉంటుందంటుంది,
సిగరెట్టు పీకని నేలమీద నలిపినట్టు
వెనక పాదం తిప్పమంటుంది.
నా పాదం తిరగదు.
గుమ్మాల దగ్గర, మలుపుల దగ్గర
అడ్రసు మరిచిపోయినవాడిలా నిలబడిపోవడం
ఈమధ్య దానికి అలవాటు.
"అంకె అరవండి. గొంతు ముందు పోతే కాలు వెనకే వస్తుంది."
గొంతా? ఏడాదిగా అదీ లోలోపలికి జారిపోతోంది.
దుకాణంలో పాలు రెండుసార్లు అడగాల్సి వస్తోంది.
రెండు, అన్నాను.
"రేవులోవాళ్ళకి వినపడలేదు."
రెండు!
కిటికీ మీది సముద్రపు పక్షి లేచిపోయింది.
పాదం తిరిగింది.

పక్క సంచి దగ్గర కన్సెప్టా, రిటైరైన లాటిన్ టీచరు,
గుద్దు గుద్దుకీ ఒక పాత హెడ్మాస్టరు పేరు పెడుతుంది.
నలుగురేనట. అయిపోగానే మళ్ళీ మొదటినుంచి.

హుక్ నాకింకా పట్టుబడలేదు.
మోచెయ్యి దించకుండా,
నిండు కప్పు పక్కవాళ్ళకి అందించినట్టు అంటుంది.
నిండు కప్పు నా చేతికొచ్చి ఏడాదిన్నర.
అందరూ సగమే పోసి ఇస్తారు, మర్యాదగా.
అప్పర్‌కట్ సంగతి అడక్కండి.

గ్లవ్ తొడిగాక వణుకు బయటికి కనపడదు.
ఆగిందని కాదు.
అంటించిన కవరులో ఉత్తరంలా
లోపల తన మాట తాను చెప్పుకుంటూనే ఉంటుంది.
ఆ గంటసేపూ నేను విప్పి చదవను.

వెళ్ళేముందు రిజిస్టర్లో సంతకం.
తాగినవాడి రాతయినా, ఏడుస్తూ రాసిన రాతయినా
చదివి గుమ్మం చేర్చినవాణ్ణి.
ఇప్పుడు నా పేరొక చీమలబారు.
బెల్లం ఎక్కడుందో వాటికే తెలియాలి.

ఇంటికొచ్చేసరికి వాన.
తాళంచెవి కన్నం చుట్టూ తిరుగుతోంది, దిగదు.
పోయిన చలికాలం ఇదే మెట్టు మీద
ఇరవై నిమిషాలు తడిశాను,
బెల్లు కొట్టడానికి సిగ్గేసి.
ఇవాళ తాళంచెవి జేబులో వేశాను.
ఎడమ కాలు ముందుకి. గడ్డం కిందికి.
ఒకటి!

లోపల కుర్చీ జరిగిన చప్పుడు.
"పోయిన వారమే రంగేయించాను ఆ తలుపుకి,"
అంటూ ఇమెల్డా తీసింది.
తలుపు వైపు చూసింది, నా పిడికిలి వైపు చూసింది,
బల్ల మీద ఒక పాతగుడ్డ పరిచి
టీ పోసింది,
కప్పు నిండా.