ఒండ్రు చుక్క

ముప్పై మూడేళ్లు నా పని
లొల్ల లాకుల దగ్గర గేజీ రాయి మీద
నీళ్లెంతున్నాయో చూసి పుస్తకంలో రాయడం.
పొద్దున ఆరింటికొకసారి, సాయంత్రం ఆరింటికొకసారి,
వరదొస్తే గంటగంటకీ.
ముందు అడుగులు, అంగుళాలు. తర్వాత మీటర్లు.
ఆ అంకెల్లో సంతకం తప్ప నేనెక్కడా లేను.

మిగతా నేను ఖాకీ సంచిలో ఉండేవాణ్ణి,
టిఫిన్ గిన్నెకీ టేపుచుట్టకీ మధ్య,
రావులపాలెం స్టూడియో కరీముల్లా
వాయిదాల మీద ఇచ్చిన పాత ఆగ్ఫా పక్కన.

రీలుకి పన్నెండు బొమ్మలు.
పన్నెండంటే జీతంలో ఎంతో
మా ఆవిడ వేళ్ల మీద లెక్కేసి చెప్పేది.
అందుకే నొక్కేముందు ఊపిరి బిగబట్టి
ఇది కావాలా అని అడుక్కునేవాణ్ణి.
చాలాసార్లు వద్దనే వచ్చేది జవాబు.
నొక్కనివే ఇప్పటికీ బాగా గుర్తు.

గోదారిని అందరూ నిండుగా ఉన్నప్పుడే తీస్తారు.
నేను కాలువ కట్టేసే నెల కోసం కాచుకునేవాణ్ణి.
ఏప్రిల్ చివర నీళ్లాగిపోతే
పగుళ్లిచ్చిన బురద, సైకిలు చక్రం,
ఎవరి చెయ్యో జారిన ఇత్తడి చెంబు,
పడవ తాడుకి జుట్టులా ఎండిన నాచు.
ఏడాది పొడుగునా నేను కొలిచిన నీళ్లు
దేన్ని దాచాయో చూద్దామని.
లస్కరు అబ్బులు నవ్వేవాడు:
"పెళ్లికూతుర్నొగ్గేసి పీటల్ని తీత్తారేటండీ!"

తీయడం సరే, కడగడం ఎలా?
క్వార్టర్సు స్నానాలగదే నా చీకటిగది,
జీరో బల్బుకి ఎర్ర గాజుకాగితం.
కుళాయికొచ్చేదీ కాలువనీళ్లే.
కాలువ కడితే తాగడానికే బిందె లెక్క,
బొమ్మలకి పోస్తానంటే ఇంట్లో యుద్ధం.
ఎండిన కాలువ రీళ్లన్నీ
జూన్ దాకా బియ్యం డబ్బాలో ఆగేవి.

నీళ్లొదిలిన రోజు
పగలంతా తలుపుల దగ్గర, రాత్రంతా బకెట్ల దగ్గర.
నోరెండిన కాలువ
తన తొలినీళ్లలోనే మెల్లగా మొహం తేల్చేది.
గుడ్డ నాలుగు మడతలేసి వడకట్టినా
ఒండ్రు ఎక్కడో మిగిలేది.
రేణువు తడి ఫిల్ముని కొరికి రాలిపోతే
బొమ్మలో అక్కడ నల్లచుక్క.

కాకినాడ పోటీ నుంచి తిరిగొచ్చిన అట్ట వెనక
పెన్సిలుతో రెండు మాటలు: "శుభ్రత లేదు."
నిజమే.
మరుసటేడు మళ్లీ పంపాను,
అవే నీళ్లతో కడిగి.

మొన్న అమలాపురంలో స్కానింగు కుర్రాడు
తెర మీద అబ్బుల్ని పెద్దది చేశాడు.
ఎండిన కాలువ నడుమ
చుట్ట వెలిగించుకుంటూ ఒక్కడే.
ఎడమ చెంప మీద చుక్క.
"తీసెయ్యమంటారాండీ? ఒక్క నొక్కు."
తీసెయ్యమన్నాను, జీవితంలో మొదటిసారి.
పదకొండో రోజుకి పటం కట్టించి ఇవ్వాలి మరి,
శుభ్రంగా ఉండాలి.

నూకరత్నం చాలాసేపు చూసింది.
గోడ మీద నా పాత బొమ్మ వైపు చూసింది,
ఇరవయ్యేళ్ల పొగచూరింది.
మళ్లీ దీన్ని.
"మా ఆయనేనండీ.
మరి సెంప మీద పుట్టుమచ్చేదండీ?"

నలభై ఏళ్లు చూసిన మొహం. మచ్చ లేదు.
ఒండ్రమ్మా అనబోయాను.
ఆమె వేలు అప్పటికే అద్దం మీద
ఆ చోట ఆగి ఉంది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.
"మళ్లీ పెట్టు బాబూ" అన్నాను.
"ఎక్కడండీ?" అన్నాడు కుర్రాడు.
నా చెంప మీద చూపించాను.