అర మార్కు

కుతాయిసిలో, పరీక్షల విభాగం మూడో గదిలో
నా పని కూడికలు. అంతే.
ఎర్ర సిరా నాది కాదు.

జిరాక్సు యంత్రం పొరపాటున
ఒకే వ్యాసాన్ని రెండుసార్లు కక్కింది.
వేర్వేరు కట్టల్లో దూరి రెండూ
లమ్జీరా మేడమ్ బల్ల మీదికే వెళ్ళాయి.

సోమవారం, యాభై ఎనిమిది:
"ఆలోచన ఉంది, క్రమం లేదు."
గురువారం, డెబ్బై ఒకటి:
"క్రమం తప్పడంలోనే ఉంది ఆలోచన."

అక్షరాలు అవే. కొట్టివేతలూ అవే.
మధ్యలో ఏం జరిగిందో ఆరా తీశాను.
మంగళవారం ఆమె గదిలో హీటరు బాగయింది.
బుధవారం చెల్లెలు బతూమి నుంచి
బుట్టెడు కమలాలు పంపింది.
రెండో కాగితం అంచున ఇంకా తొక్క వాసన.

ఆమెకు చెప్పలేదు.
ముప్ఫయ్యేళ్ళు కళ్ళు కాయలు కాచేలా దిద్దిన మనిషి.
తూకపు రాయి కూడా
చలికి కాస్త ముడుచుకుంటుంది కాబోలు.

నాలుగో పేజీలో ఆ కుర్రాడో అమ్మాయో
రాసి, అడ్డంగా కొట్టేసిన వాక్యం ఒకటుంది:
"తాత ద్రాక్షతోట అమ్మినప్పుడు
నీడలు ఎవరి పేర రాశాడో దస్తావేజులో లేదు."
కొట్టేసినదానికి మార్కులుండవు.
ఉండి, కలం నా చేతికిస్తే
నూటికి నూరూ వేసేవాణ్ణి.
నమ్మకండి నన్ను.
తోట అమ్ముకున్న తాత నాకూ ఉన్నాడు.

సగటు అరవై నాలుగున్నర:
ఏ రోజూ ఎవరూ ఇవ్వని మార్కు.
అర మార్కును ఎటు జరపాలో
రూలు పుస్తకంలో వెతకలేదు.
అరవై అయిదు రాసి
సిరా ఆరకముందే పేజీ తిప్పేశాను.