పన్నెండున్నరకి గోగుపువ్వు

పెళ్లివాళ్లకి నేనే చెబుతుంటాను,
మిట్టమధ్యాహ్నం బయట ఫొటోలొద్దండీ,
కళ్లకింద గుంటలు పడతాయి,
ముక్కు నీడ మీసంలా దిగుతుంది అని.
చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో
ఇరవై ఏళ్లుగా అమ్ముకుంటున్న మాట ఇది.

ఇవాళ షట్టరు సగం దించి
ఆ మాటకి ఎదురెళ్లి
గరివిడి దాటాక ఒక గోగుచేను గట్టున
మోకాళ్లమీద కూర్చున్నాను.
మొన్నటి గాలివానకి
ఒక మొక్క గట్టుమీదికి ఒరిగింది, పువ్వుతో సహా.

లెన్సు తిరగేసి బిగించాను.
అలా పెడితే దానికి దూరం పనికిరాదు.
నాలుగు వేళ్ల ఎడంలో ఉన్నదే లోకం,
జానెడు అవతలిది పొగ.
ఊపిరి వదిలితే పువ్వు ఊగుతుంది.
ఊపిరి బిగబడితే నేను ఊగుతాను.

గోగుపువ్వు మీరూ చూసే ఉంటారు, బస్సులోంచి.
లేత పసుపు, నడిమధ్య వంకాయరంగు మరక.
దగ్గరకెళ్తే అది మరక కాదు,
రాత్రిది కాస్త మిగిలితే
రేకుల అడుగున దాచుకున్నట్టుంది.
దానిపైన పుప్పొడి,
జల్లెడ దిగని నూకల్లా.

కానీ ఎండ.
తెరమీద చూస్తే పువ్వు లేదు,
సున్నం కొట్టిన గోడముక్క ఉంది.
అపర్చరు పదహారుకి దించాను. ఇరవై రెండుకి దించాను.
మరక బొగ్గయింది. రేకు తెలుపు తెలుపే.
జేబురుమాలు అడ్డం పెడదామంటే
మూడో చెయ్యి లేదు.
ఇంకో గంటలో ముడుచుకుపోతుంది ఇది.

"ఏటి బాబూ, ఏటి పారేసుకున్నావు?"

పారమ్మ. చేను ఆమెది కాదు, కౌలు ఆమెది.
తలమీద తుండుగుడ్డ, చేతిలో అంబలి క్యారేజీ.
ఫొటో అన్నాను.
పువ్వుకా అంది.
నవ్వలేదు. కాసేపు ఆలోచించింది.

"సెరువు పనికాడ మేటు
మద్దేనం మాకూ తీస్తాడు, హాజరికి.
ఆ ఎండకి మొకాలు రావు.
ఒకపాలి పన్లో నానున్నాను, ఫొటోలో నేను.
ఆ రోజు కూలి పడనేదు.
మొకాలే రాని ఎండలో పువ్వెలగొస్తాది?"

మావైపు లేను అన్నా
నేను అనే వినపడుతుంది.

నీడ ఉంటే వస్తుందన్నాను.
"నీడే గదా" అంటూ
క్యారేజీ గట్టుమీద పెట్టి
దక్షిణం పక్కకొచ్చి నిలబడింది.
ఆ వేళప్పుడు మనిషికి
సగం మనిషంత నీడ ఉంటుంది.
అదంతా పువ్వుకిచ్చింది.

రేకులో ఈనెలు తేలాయి,
చెరువు ఇంకాక
అడుగునున్న పాతదారులు బయటపడ్డట్టు.
మరక లోపల ఇంకా ముదురు మరక ఉంది.
దాని అంచున చీమొకటి మీసాలు తుడుచుకుంటోంది.
"కదలకు" అన్నాను,
చీమతోనో పారమ్మతోనో.

పదకొండు తీశాను.

"అయిందేటి?
పువ్వొచ్చిందంటే కోతకొచ్చినట్టే.
ఎల్లుండి కోసి గెడ్డలో ముంచేస్తాం.
పదిహేన్రోజులు ఊరాక రా,
ఆ కంపు నీ డబ్బాలో పడతాదో నేదో సూద్దుం."
అప్పుడు నవ్వింది.
మిల్లు తీస్తే ఒక రేటట, మూస్తే ఒకటట.
ఈ ఏడు ఏదో ఇంకా తెలీదట.

నీకూ ఒకటి తీస్తానన్నాను.
తుండుగుడ్డ తీసింది, మొహం తుడుచుకుంది,
మళ్లీ చుట్టుకుంది.
లెన్సు ఇంకా తిరగబడే ఉంది,
అందులో నిలబడ్డ మనిషి పట్టదు.
విప్పి సరిగ్గా బిగించేలోపు
అవతలినించి ఎవరో కేకేస్తే
చేలోకి దిగిపోయింది.
పైన గోగుతలలు కదిలినంతమేరా ఆమె
అనుకున్నాను.

రాత్రి షాపులో పదకొండూ పెద్దవి చేసి చూశాను.
పదింట్లో ఏదో ఒకటి కదిలింది,
గాలో, నేనో.
మిగిలినదాంట్లో అన్నీ కుదిరాయి, చీమతో సహా.
కుడిపక్క మూల రేకుమీద మాత్రం
కాలిపోయిన తెల్లగీత.
పారమ్మ బరువు ఒక కాలినించి
ఇంకో కాలిమీదికి మార్చుకున్నప్పుడు
ఎండ దూరిన సందు.

కత్తిరిస్తే పోతుంది.
రేపు పొద్దున ఆధార్ ఫొటోలకి పిల్లలొస్తారు, పడుకోవాలి.
ఇంకా కత్తిరించలేదు.