మిట్ట చేను

ఆ రాత్రి ఏరు మా చేనును ముట్టలే.
గట్టు కింది మైసమ్మ రాయి దాకా వచ్చి
రాయిని ఒక్క చుట్టు చుట్టి
ఎడమకు మర్లి
ఎల్లుబాయి చేన్లకు పోయింది.

దసరా పోయి నాలుగొద్దులు.
బ్యాటరీ లైటు పట్టుకొని మిట్ట మీద నిలబడ్డ.
నీళ్లల్ల మిర్ప కొనలు కాసేపు ఊగినయి,
తర్వాత ఊగలే.
అయ్యో అన్న. అన్నది నిజమే.
ఆ అయ్యో వెనకాలనే, నోటి దాకా రాకుండ, ఇంకో మాట:
ఈసారి ధర వస్తది.

దాన్ని నేను పిలువలే.
పక్కింటి కోడిపిల్ల లెక్క
అదే వచ్చి వాకిట్ల తిరిగింది.
తరుమనూ లేదు.

తెల్లారి తలాఠీ వచ్చి పంచనామా రాసిండు.
మరాఠీల రాసి తెలుగుల చదివిండు.
ఏ భాషల చదివినా ఎల్లుబాయికి ఎకరంన్నర,
నాకు సున్న.
అంత మంచి సున్న నా జన్మల చూడలే.

మాఘంల పండు దిగింది.
అటు వరంగల్ నుంచి ఫోన్లు, ఇటు నాగపూర్ నుంచి ఫోన్లు.
పోయినేడు సిరొంచల
నా బస్తాల చెయ్యి పెట్టి మొఖం అటు తిప్పుకున్న సేటు
ఈ ఏడు కల్లానికే లారీ తోలిండు.
తాలు కాయకు సుత బేరం.
ఇరవై రెండు వేలన్నడు.
ఎందుకంత అని నేనడగలే.
ఎంత పెరిగిందో ఊరంత చెప్తది,
ఎక్కడ మునిగితే పెరిగిందో
కాంటా మీద రాయరు.

ఏరేటందుకు కూలోళ్లు దొరుకుతలేరు.
ఆఖరికి ఒడ్డు ఊరి నుంచి ఆటోల పన్నెండు మంది దిగిండ్రు.
అందరి వెనక ఎల్లుబాయి.
నడుముకు యూరియా సంచి కట్టుకొని
సాల్లకు వచ్చి
ఒక ఆకు తిప్పి చూసింది.
"ఇది నా నారే" అన్నది.
నవ్వుకుంటనే అన్నది.

అవును. భాద్రపదంల
ఆమె మడిల మిగిలిన నారు
కట్టకింత అని నేనే తెచ్చిన.
సగం పైసలిచ్చి, సగం పంట మీద అన్న.
ఎవల పంట మీదనో
అప్పుడు ఇద్దరం అనుకోలే.

పొద్దుగూకినంక తూకం. కిలకు పన్నెండు రూపాలు.
ఆమె సంచి ఎక్కిచ్చి
ముల్లు దిక్కు చూడకుండ
నలభై అన్న.
ఆమె చూసింది.
"ముప్పై ఒకటి" అన్నది.
"ఏరు చేసిన పనికి
నువ్వు తొమ్మిది కిలలు కట్టుడేంది?
ఇచ్చేదుంటే నారు పైసలియ్యి.
అవి నాయి. అవి అడుగుత."

ఇచ్చిన. అక్కడికక్కడ.
అన్ని నెలలు ఎందుకు ఇయ్యలేదో
ఆమె అడుగలే, ఆటో ఎక్కింది.
వేళ్లకు మిర్ప ఘాటున్న సంగతి మరిచి
కన్ను నలుపుకున్న.
నా భార్య తానుబాయి నీళ్లు తెచ్చింది, ఏమనలే.

మూడేండ్ల కింద
నా తోట పురుగుకు ఎర్రబారినప్పుడు
ఎల్లుబాయి మొగడు కొత్త బండి కొన్నడు.
ఆ ఏడు వాళ్లది పండింది, ధర మాలాంటోళ్లది ఎండింది గనుకనే వచ్చింది.
నాకు జ్వరమొస్తే
ఆ బండి మీదనే దవాఖానకు కొంచవోయిండు.
వెనక కూసొని ఆయన భుజం పట్టుకున్న.
కొత్త సీటు వాసన ఇప్పటికీ యాదికున్నది.

నేను ఎవల కాయా దొంగిలియ్యలే.
ఎవల కట్టా తెంపలే.
ఏరుకు దారి చూపలే.
కాంటా సరిగనే ఉన్నది, సేటు పైసలు సరిగనే ఉన్నయి,
రెండుసార్లు లెక్కపెట్టిన.

"తలుపు ఎందుకు దగ్గరేసినవ్?"
తానుబాయి బయటి నుంచి అడిగింది.
గాలికి, అన్న.
ఆకు సుత కదులుతలేదు బయట.

బండి కొన్న ఏడు
ఆయన తలుపు దగ్గరేసుకున్నడో లేదో.
ఎల్లుబాయి రేపు సుత ఏరొస్తది.
అడిగితే అడుగొచ్చు.