పాత వైరు

హొరమావులో మా మేడ మీద
పెయింటు డబ్బాలో నాటిన ప్యాషన్ ఫ్రూట్ తీగకి
పందిరి వేస్తాననడమే గానీ
వేసింది లేదు.

అది ఆగలేదు.
నీళ్ల ట్యాంకు మెట్లు, బట్టల దండెం,
ఆఖరికి ఇంటర్నెట్ కేబులు పట్టుకుని
వీధి దాటడం మొదలెట్టింది.

రెండేళ్ళకి పువ్వు.
ఊదా కుచ్చు మీద గడియారం ముళ్ళు మూడు.
నల్ల తుమ్మెదొకటి దూరి
వీపంతా పుప్పొడితో
తాగినవాడిలా తూలుతూ బయటికొచ్చింది.

కేబులు మార్చడానికి నింగరాజు వచ్చాడు,
చేతిలో కటింగ్ ప్లేయరు.
నులితీగల చుట్లు లెక్కపెట్టి,
ఒక పిందెని వేలితో తాకి
"ఇర్లి బిడి మేడమ్" అన్నాడు.
కొత్త వైరు పక్కనుంచి లాగాడు.

ఇప్పుడు పాత వైరులో
ఏ కబురూ రాదు.
రాత్రిళ్ళు మాత్రం
ఎదురింటి రేకుల మీద
టప్పున ఒక పండు.